రాణులిద్దరూ కలవరు

(కడపలో నాటక ప్రదర్శనకు ముందురోజు సాయంత్రం, రంగస్థల విద్యార్థులు, నాటకాభిమానులు వచ్చిన సభలో దర్శకురాలి ప్రసంగం. చిన్న సవరణలతో.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడిన పిల్లలు ముందుకు రండమ్మా. ఏ సభకు పోయినా మొదటి వరుస ఖాళీగానే ఉంటుంది, ఎవరో పెద్దమనిషి రాబోతున్నట్టు. ఈరోజు ఎవరూ రారు. వచ్చి కూర్చోండి.

రేపటి నాటకంలో ఇద్దరే ఆడవాళ్లు. గంటా ఇరవై నిమిషాలు. మూడో మనిషి స్టేజీ ఎక్కడు. కథ మనది కాదు, ఇంగ్లండు రాణి ఒకటో ఎలిజబెత్‌ది, స్కాట్లండు రాణి మేరీది. మేరీకి ఎలిజబెత్ సంతకంతోనే మరణశిక్ష పడిందని చాలామందికి తెలుసు. కానీ ఈ ఇద్దరూ జీవితంలో ఒక్కసారి కూడా ఒకరి ముఖం ఒకరు చూడలేదు. మేరీ 18 ఏళ్లకు పైగా ఎలిజబెత్ రాజ్యంలోనే, ఎలిజబెత్ కాపలాలోనే బతికింది. అయినా చూడలేదు.

ఈ సంగతి చెప్పగానే, ఎన్నో పరిషత్తుల్లో నాటకాలు వేసిన ఒక పెద్దాయన నన్ను కోప్పడ్డాడు. "కలవకపోతే ఇంకేం నాటకమమ్మా? ఆఖర్లో ఒకసారి కలుపు. చెరో రెండు పద్యాలు పెట్టు. ఒన్స్‌మోర్ ఖాయం" అన్నాడు. ఆయనకు ఆరోజు టీ ఇచ్చి పంపించాను. జవాబు ఈరోజు చెప్తాను. ఆయన కూడా ఇక్కడే ఉన్నాడు.

ముందు చుట్టరికం చూద్దాం. ఎలిజబెత్ నాయన ఎనిమిదో హెన్రీ. ఆయన అక్క మార్గరెట్‌ను స్కాట్లండు రాజుకిచ్చి చేశారు. ఆమె కొడుకు ఐదో జేమ్స్. అంటే ఎలిజబెత్‌కు మేనత్త కొడుకు, బావ. ఆ బావ కూతురే మేరీ. మన లెక్కలో ఎలిజబెత్ ఆమెకు పిన్ని వరస. వయసులో తేడా తొమ్మిదేళ్లు. ఉత్తరాల్లో మాత్రం అక్కాచెల్లెళ్లమని రాసుకునేవాళ్లు, రాజులూ రాణుల మర్యాద అది. గొడవ ఎక్కడంటే, హెన్రీ మొదటి భార్య బతికుండగానే ఎలిజబెత్ తల్లి ఆన్ బొలీన్‌ను చేసుకున్నాడు. ఆ పెళ్లి చెల్లదని కేథలిక్కుల వాదన. మేరీ కేథలిక్కు, ఎలిజబెత్ ప్రొటెస్టెంటు. పెళ్లి చెల్లకపోతే బిడ్డకు హక్కు లేదు. అప్పుడు ఇంగ్లండు సింహాసనం ఎవరికి పోవాలి? మార్గరెట్ మనవరాలు మేరీకి. మన సీమలో పొలం గట్ల మీద ఇలాంటి వాదనలు విన్నవాళ్లకు నేను ఇంకా విడమర్చి చెప్పక్కర్లేదు.

ఆన్ బొలీన్ తల 1536లో తీయించింది కూడా ఆ హెన్రీయే. అప్పటికి ఎలిజబెత్‌కు మూడేళ్లు నిండలేదు. 1554లో సవతి అక్క రాణిగా ఉన్నప్పుడు ఎలిజబెత్‌ను లండన్ టవర్ జైల్లో పెట్టారు. రాణి కాకముందు ఆమె ఖైదీ. మేరీది దీనికి తలకిందులు. పుట్టిన ఆరో రోజుకే తండ్రి పోయాడు, ఉయ్యాల్లోనే రాణి. ఐదేళ్ల పిల్లగా ఫ్రాన్సుకు పంపారు. పదిహేనేళ్లకు అక్కడి యువరాజుతో పెళ్లి, పదహారుకు ఫ్రాన్సు రాణి, పద్దెనిమిది నిండేలోపే విధవ. 1561లో స్కాట్లండుకు తిరిగొచ్చేసరికి ఆమెకు సొంత దేశమే కొత్త.

ఆ తర్వాత ఆరేడేళ్లలో జరిగింది ఒక సీరియల్‌కు సరిపోతుంది. డార్న్లీతో పెళ్లి. ఆ మొగుడే ముందుండి, కడుపుతో ఉన్న మేరీ కళ్లెదుట ఆమె కార్యదర్శిని పొడిపించడం. మరుసటి ఏడు ఆ మొగుణ్ణి ఎవరో చంపెయ్యడం, అనుమానం బోత్‌వెల్ అనే ప్రభువు మీద పడటం, మూడు నెలలు తిరిగేసరికి ఆ బోత్‌వెల్‌నే మేరీ పెళ్లాడటం. 1567 జులైలో సింహాసనం వదిలించారు, 1568 మేలో కోట నుంచి తప్పించుకుంది, యుద్ధంలో ఓడింది, చేపల పడవలో సముద్రపు పాయ దాటి ఇంగ్లండులో దిగింది. పిన్ని ఆదుకుంటుందని వచ్చింది. నాటకంలో ఇదంతా నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. ఎందుకంటే ఈ ముక్క అందరూ వేసేశారు. మొగుడు హత్య, రెండో మొగుడు, మూడో మొగుడు అనగానే జనం చెవులు అక్కడే ఆగిపోతాయి. నాకు కావాల్సింది తర్వాతి కథ.

వీళ్లను కలపాలన్న కోరిక మా పెద్దాయన ఒక్కడిదే కాదు. జర్మన్ నాటకకర్త షిల్లర్ 1800లో మేరీ మీద రాసిన నాటకంలో ఇద్దరినీ ఒక తోటలో కలిపాడు. అది పచ్చి కల్పన, కానీ ఎంత బలంగా పండిందంటే అసలు చరిత్రలోనే అలా జరిగిందని నేటికీ చాలామంది నమ్ముతారు. దాని ఆధారంగా ఇటలీలో డోనిజెట్టి సంగీత నాటకం కట్టాడు. 1834లో నేపుల్స్‌లో రిహార్సల్. మేరీ వేషంలో ఉన్న గాయని ఎలిజబెత్‌ను అక్రమ సంతానమా అని తిట్టే చోటు వచ్చింది. ఆ తిట్టు తననే తిట్టిందని ఎలిజబెత్ వేషం గాయని ఆమె మీద పడి కొట్టింది! ఇద్దరూ జుట్లు పట్టుకున్నారు. తర్వాత ఆ ఊరి రాజు ఆటనే ఆపించాడు, అది వేరే కారణంతో లెండి.

నవ్వొస్తుంది. కానీ నా భయం అక్కడే ఉంది. ఇద్దరు రాణులను ఎదురెదురుగా నిలబెట్టగానే అది జుట్లు పట్టుకునే పోట్లాట అవుతుంది. మన స్టేజీ మీద ఇద్దరు ఆడవాళ్లు ఎదురుపడితే జనం సత్యభామా రుక్మిణీ అనుకుంటారు. జనానిది తప్పు లేదు, వందేళ్లుగా మనమే అలవాటు చేశాం. కానీ ఈ ఇద్దరూ ఒక మగాడి కోసం కొట్టుకోలేదు. రెండు రాజ్యాలు, రెండు మతాలు, ఒక వారసత్వం. ఇద్దరి చుట్టూ గుంపుగా మగమంత్రులు. వీళ్లు కలిస్తే తమ పప్పు ఉడకదని ఆ మంత్రుల్లో కొందరికి బాగా తెలుసు. 1562లో నిజంగానే కలుసుకుందామని ఏర్పాట్లు చేసుకున్నారు. ఫ్రాన్సులో మత యుద్ధం మొదలవడంతో అది ఆగిపోయింది. ఆ తర్వాత మేరీ ఎన్ని ఉత్తరాలు రాసినా, ఒక్కసారి దర్శనమియ్యమని ఎంత అడిగినా, ఎలిజబెత్ రాలేదు. నా నాటకం ఆ రాకపోవడం గురించే. కలిపితే ఇక చెప్పడానికి ఏమీ మిగలదు.

ఇంకో సంగతి. తెలుగు ప్రేక్షకుడికి ఎదురుపడటం అవసరమని ఎవరన్నారు? మనవాళ్లు తెల్లవార్లూ కూర్చుని చూసే సీను ఏది? రాయబారం! ధర్మరాజూ దుర్యోధనుడూ అందులో ఎదురుపడరు. ఒకరి మాట ఇంకొకరి దగ్గరికి మోసే మనిషి నడుమ నిలబడతాడు, రసమంతా అక్కడే. సంజయ రాయబారం విన్నవాళ్లూ కృష్ణ రాయబారం పద్యాలు నోటికి వచ్చినవాళ్లూ ఈ హాల్లోనే ఎంతమంది ఉంటారో. షిల్లర్‌కు రాయబారం తెలియదు, అందుకని తోట వేశాడు. (నవ్వులు)

మాకు దొరికిన రాయబారి పేరు జేమ్స్ మెల్విల్. 1564లో మేరీ ఆయన్ను లండన్‌కు పంపింది. పెద్దవాడయ్యాక జ్ఞాపకాలు రాసుకున్నాడు. కొంచెం ఉప్పూకారం జల్లే ఉంటాడు, రాయబారి కదా. ఎలిజబెత్ ఆయన్ను అడుగుతుంది: మీ రాణీ నేనూ, ఎవరు అందగత్తె? మెల్విల్ జవాబు: ఇంగ్లండులో మిమ్మల్ని మించిన అందగత్తె లేదు, స్కాట్లండులో మా రాణిని మించిన అందగత్తె లేదు. ఆమె వదల్లేదు. ఎవరు పొడుగు? మా రాణి. అయితే ఆమె మరీ పొడుగన్నమాట, నేను పొడుగూ కాదు పొట్టీ కాదు, సరిగ్గా ఉన్నాను అంది. వాయిద్యం బాగా వాయిస్తుందా? రాణిగా చూస్తే ఫర్వాలేదు అన్నాడు. ఆ సాయంత్రమే, ఆయన చాటుగా వినేలా, ఎలిజబెత్ తన వాయిద్యం ముందు కూర్చుంది! తన నాట్యం కూడా చూసి వెళ్లమని ఇంకో రెండు రోజులు ఆపింది.

ఈ సీనులో మెల్విల్ ఎవరు? ఇద్దరే నటులు కదా. మేరీ వేషం వేసిన అమ్మాయే భుజాన ఒక గుడ్డ వేసుకుని మెల్విల్ అవుతుంది. అంటే ఎలిజబెత్ "ఎవరు అందగత్తె" అని అడిగేది ఎవరిని? ఎదురుగా ఉన్నది మేరీ ముఖమే. మీకది తెలుసు, ఎలిజబెత్‌కు తెలియదు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు, అయినా కలవలేదు. రాతలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సీను ఇదే. ఇందులో ఒక్క మాట పెంచకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాను.

అదే సందర్భంలో ఎలిజబెత్ తన పడకగదిలోని చిన్న బీరువా తెరిచి, కాగితాల్లో చుట్టిన చిన్న చిత్రాలు తీస్తుంది. ఒకటి తనకు ఇష్టుడైన లెస్టర్‌ది. ఇంకొకటి మేరీది. మేరీ బొమ్మను ముద్దు పెట్టుకుంది అని రాశాడు మెల్విల్. ఆ రోజుల్లోనే తన ఇష్టుడు లెస్టర్‌నే మేరీకి పెళ్లికొడుకుగా ఇస్తానంది. సత్యభామలా ఉందా? ఏ కోణంలో చూసినా సవతి పోరు కాదు. మాట్లాడుతూ మాట్లాడుతూ మీ రాణిని చూడాలని ఉంది అని నిట్టూర్చింది. అయితే మగ నౌకరు వేషం కట్టండి, ఎవరికీ తెలియకుండా స్కాట్లండుకు తీసుకుపోతా అన్నాడు మెల్విల్. అయ్యో, అలా చేయగలిగితే ఎంత బాగుండు అంది. రాణి, మగవేషం కట్టి వెళ్దామని ఒక్క క్షణం ఊహించుకుంది.

వేషాల మాట వచ్చింది కాబట్టి. ఎలిజబెత్ కాలంలో ఇంగ్లండులో నాటకశాలలు కట్టారు, పెద్దపెద్ద కవులు రాశారు. కానీ ఆ స్టేజీల మీద ఆడవాళ్లు లేరు. రాణి వేషం వేసేది మూతిమీద మీసం రాని కుర్రాడు. మన దగ్గరా చాలాకాలం అదే తంతు. స్థానం నరసింహారావు గారు సత్యభామగా వస్తే ఆడవాళ్లే ఆయన నడక చూసి నేర్చుకున్నారని చెప్పుకుంటాం. గొప్ప నటుడు, అందులో మాట లేదు. కానీ అదే రోజుల్లో మన కడప జిల్లాలో ఏమైంది? చక్రాయపేట పక్కన సురభి. 1885లో అక్కడ కీచక వధతో మొదలైన కుటుంబం. తోలుబొమ్మలు ఆడించే వనారస వాళ్లు మనుషులే బొమ్మలై స్టేజీ ఎక్కారు. వాళ్ల ఆడవాళ్లు వాళ్ల వేషాలు వాళ్లే వేశారు. తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవ గారు ఆడ వేషాలు ఆడవాళ్లే వెయ్యాలని పట్టుబట్టి చదువుకున్న స్త్రీలను రంగం మీదికి తెచ్చారు. ఈ నేల మీద ఇద్దరు ఆడవాళ్లు మగవాళ్ల వేషాలతో సహా మొత్తం నాటకం మోస్తే అది దిగుమతి వింత ఏమీ కాదు. లెక్క సరిచేయడమే.

మగ వేషాలన్నీ అడ్డంగా మార్చి ఇచ్చాను. మేరీ మనుషులను ఎలిజబెత్ వేస్తుంది, ఎలిజబెత్ మనుషులను మేరీ వేస్తుంది, మెల్విల్‌నూ, చివర్లో వచ్చే ఇంకొకరినీ తప్ప. స్కాట్లండులో జాన్ నాక్స్ అని ఒక మతబోధకుడు. ఆడదాని పాలన ప్రకృతి విరుద్ధమని 1558లో పుస్తకమే అచ్చు వేయించాడు. మేరీ ముందు నిలబడి కన్నీళ్లు పెట్టించేదాకా వాదించినవాడు. ఆ వేషం ఎలిజబెత్ నటి వేస్తుంది. ఎలిజబెత్‌కు ఆ పుస్తకం అంటే మంట, అది రాసినందుకే ఇంగ్లండు మీదుగా పోవడానికి నాక్స్‌కు దారి కూడా ఇవ్వలేదు. ఇప్పుడు ఆమె నోటితోనే "ఆడది ఏలకూడదు" అనిపిస్తే ఆ మాట ఎవరికి తగులుతుంది? రిహార్సల్లో ఆ అమ్మాయి మూడో లైను దగ్గర ఆగిపోయి, "మేడమ్, ఇది నన్ను నేనే తిట్టుకుంటున్నట్టుంది" అంది. అలాగే చెయ్యి అన్నాను.

ఇక బందిఖానా. అందులో సంఘటనలు లేవు, కుట్టుపని ఉంది. మేరీ కాపలాదారు ష్రూస్‌బరీ ప్రభువు భార్య బెస్‌తో కలిసి కూర్చుని ఎంబ్రాయిడరీ చేసేది. ఒక గుడ్డ మీద ఎర్రజుట్టు పిల్లి, పక్కన ఎలుక కుట్టింది. ఎలిజబెత్ జుట్టు ఎర్రటిదని మీకు చెప్పాలి. అదే మేరీ 1574లో ఎర్ర శాటిన్ మీద వెండి జరీతో తన చేత్తో పావడా కుట్టి ఎలిజబెత్‌కు కానుక పంపింది. ఎలిజబెత్ ముచ్చటపడింది. విడిచిపెట్టలేదు. మా స్టేజీ మీద సామాను అంటే రెండు స్టూళ్లు, కాగితాలు, ఒక ఎర్ర గుడ్డ. ఆ గుడ్డే కానుక అవుతుంది, మెల్విల్ భుజం మీద కండువా అవుతుంది, ఇంకోటి కూడా అవుతుంది. మేరీ చివరి రోజు పైన నల్ల బట్టలు తీసేస్తే లోపల ఎరుపు వేసుకుని ఉంది. కేథలిక్కులకు అది మతం కోసం ప్రాణమిచ్చినవాళ్ల రంగు. ఆమె తన ఆహార్యం తానే నిర్ణయించుకుంది, డైరెక్టరు అవసరం లేకుండా.

ఉత్తరాల గురించి కొంచెం ఎక్కువ మాట్లాడతాను, ఓపిక పట్టండి. మేరీ సంకేత లిపిలో రాసేది. 1586లో చార్ట్‌లీ అనే చోట ఉన్నప్పుడు ఆమె ఉత్తరాలు బీరు పీపా బిరడాలో దాచి బయటికి పోయేవి. రహస్యంగా పోతున్నాయని ఆమె సంబరం. ఆ దారి వేసిందే ఎలిజబెత్ మంత్రి వాల్సింగం! ప్రతి ఉత్తరం ముందు అతని మనిషి ఫెలిప్స్ చేతికి పోయేది. బాబింగ్టన్ అనే కుర్రాడు ఎలిజబెత్‌ను చంపుతామని రాస్తే, మేరీ ఒప్పుకుంటూ జవాబిచ్చింది. ఫెలిప్స్ దాన్ని విప్పి, నకలు మీద ఉరికొయ్య బొమ్మ గీశాడు. అది చాలదన్నట్టు, చంపబోయే ఆరుగురి పేర్లు చెప్పమని మేరీ అడిగినట్టు చివర దొంగ వాక్యం కలిపారు.

ఈ కథ ఇంకా అయిపోలేదు. 2023లో ముగ్గురు సంకేత లిపి నిపుణులు ఫ్రాన్సు జాతీయ గ్రంథాలయంలో, ఇటలీ వ్యవహారాలని పొరపాటున రాసిపెట్టిన కట్టల్లో 57 ఉత్తరాలు చదివేశారు. అన్నీ మేరీవే, 1578 నుంచి 1584 మధ్య రాసినవి, ఎక్కువ భాగం ఫ్రెంచి రాయబారికి. నాలుగు వందల ఏళ్లకు పైగా వాటిలో చాలావాటి గురించి చరిత్రకారులకు తెలియనే తెలియదు. స్టేజీ మీద నేను పెట్టుకున్న నియమం ఒకటే: ఉత్తరం రాసినవాళ్లు చదవరు, అందుకున్నవాళ్లు చదువుతారు. మేరీ బతిమాలే మాటలన్నీ ఎలిజబెత్ గొంతులో వింటారు. ఎలిజబెత్ దాటవేతలన్నీ మేరీ గొంతులో వింటారు. కొత్త నటులకు ఇది కొంచెం టెన్షన్ పెట్టే పద్ధతే, కానీ దీన్ని వదులుకోను.

చివరి ఘట్టానికి వస్తా. 1586 అక్టోబరులో ఫోదరింగే కోటలో విచారణ. నేను రాణిని, నీ కోర్టుకు నన్ను విచారించే హక్కు లేదు అంది మేరీ. ఎలిజబెత్ శిక్ష ఖాయం చేయడానికి నెలల తరబడి నాన్చింది. 1587 ఫిబ్రవరి 1న సంతకం పెట్టింది. పెట్టి, ఆ పని గుట్టుచప్పుడు కాకుండా అయిపోయేలా చూడమని మేరీ జైలరు పౌలెట్‌కు సూచన పంపించింది. అతను మేరీ అంటే ఏమాత్రం ఇష్టం లేని మనిషి. అయినా చట్టం లేకుండా నెత్తురు కారిస్తే నా మనస్సాక్షి ఊరుకోదు అని జవాబు రాశాడు. మెల్విల్ లాగే ఈ వేషమూ అడ్డంగా మారదు, ఎలిజబెత్ మనిషిని ఎలిజబెత్ నటే వేస్తుంది. ఆ సూచన పంపేదీ కాదనేదీ ఒకే గొంతు. మంత్రులు ఆమెకు చెప్పకుండా ఉత్తర్వు పంపేశారు. 8న తల తీశారు. అప్పుడు ఎలిజబెత్ ఏం చేసింది? నేను పంపమనలేదు అంది. ఉత్తర్వు అందజేసిన కార్యదర్శి డేవిసన్‌ను టవర్‌లో పెట్టించింది. మేరీ కొడుక్కి అది ఒక దురదృష్టకరమైన ప్రమాదం అన్నట్టు ఉత్తరం రాసింది. సంతకం పెట్టిన చెయ్యి ఒకటి, శిక్ష పడిన మనిషి ఇంకొకరు. ఇది చరిత్రలో ఎన్ని చోట్ల చూళ్లేదు?

గొడ్డలి చూపించం. మొదటి దెబ్బకు తెగలేదని చూసినవాళ్లు రాశారు, అది కూడా చెప్పం. సీమ పేరు చెప్తే కొడవలే గుర్తొచ్చేలా మన సినిమాలు చేసిపెట్టాయి. కడపలో నిలబడి ఇంకో తల నరకడం నాకు ఇష్టం లేదు. దానికి బదులు మేరీ ఆ తెల్లవారుజామున రెండు గంటలకు ఫ్రాన్సు రాజుకు రాసిన ఉత్తరం ఉంటుంది. అందులో తన పరువు గురించి, మతం గురించి రాసింది. నా పనివాళ్లకు జీతాలు ఇప్పించండి అని కూడా రాసింది. దాన్ని అందుకున్న రాజుగా ఎలిజబెత్ నటి చదువుతుంది.

(ప్రేక్షకుల్లోంచి ఒక విద్యార్థిని: మన రాణులు లేరా మేడమ్? ఇంగ్లండు దాకా పోవాల్సిన అవసరమేంటి?)

మంచి ప్రశ్న. ఎవరో ఒకరు అడుగుతారనే కూర్చున్నా. తిరుమలకు పోతే కృష్ణదేవరాయలి పక్కన తిరుమలదేవి, చిన్నాదేవి విగ్రహాలు కనిపిస్తాయి. ఇద్దరు రాణులు, ఒకే రాజు. నాటకానికి సిద్ధంగా ఉన్నట్టే కదా? కానీ ఆ కాలంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు పేస్ ఏం రాశాడంటే, తగువు రాకూడదని రాయలు రాణులకు నగలూ దాసీలూ అన్నీ సమానంగా ఇచ్చేవాడట, వాళ్లంతా స్నేహంగా ఉండేవారట. బయటి మనిషి రాసింది నిజమో కాదో పక్కన పెట్టండి. ఆ ఇద్దరూ ఒకరి గురించి ఒకరు ఏమనుకున్నారో వాళ్ల మాటల్లో నాకు ఒక్క ముక్క దొరకలేదు. లేని తగువు నేను రాస్తే అది షిల్లర్ తోట కంటే అన్యాయం. మేరీ, ఎలిజబెత్ ఉత్తరాలు వందల్లో ఉన్నాయి. వాళ్ల తగువు వాళ్లే రాసిపెట్టారు. నీకు మన రాణుల మీద రాయాలని ఉంటే రాయమ్మా, కానీ తగువుతో మొదలుపెట్టకు.

(పెద్దాయన: పద్యాలు లేవు సరే, పాటలైనా ఉన్నాయా?)

ఒకటి ఉంది సార్. వాయిద్యం సీనులో హార్మోనియం. ఎలిజబెత్ కొంచెం అపస్వరం పలికిస్తుంది, అది మేం కావాలని పెట్టింది, ఒన్స్‌మోర్ అనకండి.

ఇంకొక్క సంగతి చెప్పి వదిలేస్తా, హాలు తాళాలు వేసే అన్న అప్పటినుంచీ నన్నే చూస్తున్నాడు. పోస్టరు మీద ఎవరు ఏ వేషమో ఎందుకు వెయ్యలేదని అడుగుతున్నారు. 2016లో లండన్‌లో షిల్లర్ నాటకాన్ని కొత్తగా వేసినప్పుడు రోజూ ప్రేక్షకుల ముందే నాణెం ఎగరేసి, ఆ రోజు ఎవరు ఏ రాణో తేల్చేవాళ్లు. ఆ పద్ధతి మేం తీసుకున్నాం, దాపరికం లేదు. మా ఇద్దరమ్మాయిలూ రెండు వేషాలూ, అన్ని మగ వేషాలూ కంఠస్థం చేశారు. రేపు ఆరున్నరకు పది రూపాయల బిళ్ల ఎగరేస్తాం, బొమ్మ పడినవాళ్లు ఎలిజబెత్. ఎగరేయడానికి మొదటి వరుసలోంచే ఒకరిని పిలుస్తాను, కాబట్టి రేపైనా ఆ వరుస ఖాళీ పెట్టకండి.